ఈఆర్‌పీనెక్స్ట్‌లో సేల్స్ రిటర్న్: సరుకు ఒక దారి, డబ్బు ఇంకో దారి

కస్టమర్ తిప్పి పంపిన సరుకుకి లెక్క కట్టడానికి ఈఆర్‌పీనెక్స్ట్ పనికొస్తుందా అంటే, బాగానే పనికొస్తుంది. వ్యాపారంలో అమ్మకాలు, సరుకు, ఖాతాలు ఒకేచోట చూసుకోవడానికి ముంబైలోని ఫ్రాపే సంస్థ చేసిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ ఇది. రిటర్న్‌ల కోసం విడిగా ఏ మాడ్యూలూ కొనక్కర్లేదు. కాకపోతే వచ్చినది వచ్చినట్టు వాడితే గోడౌన్ లెక్క, పుస్తకాల లెక్క రెండూ తేడా కొడతాయి. ఎక్కడ కొడతాయో ముందే తెలుసుకుని ఒక కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించుకోవాలి.

ఒక మిక్సీల డీలర్ సంగతే తీసుకుందాం. ఒక్కోటి 2,500 చొప్పున 10 మిక్సీలు రాష్ట్రంలోనే ఒక షాపుకి పంపాడు. 3 వెనక్కి వచ్చాయి. రెండింటికి సీల్ విప్పలేదు, మూడోదాని జార్ పగిలింది. చేయాల్సిందల్లా అసలు డెలివరీ నోట్ (సరుకు పంపినప్పుడు రాసిన చీటీ) తెరిచి, క్రియేట్ బటన్ కింద సేల్స్ రిటర్న్ నొక్కడమే. పరిమాణం మైనస్ 10 అని వస్తుంది, దాన్ని మైనస్ 3 చేయాలి. కొత్తవాళ్లు మైనస్ గుర్తు చెరిపేస్తుంటారు, అప్పుడు ఎర్రర్ వస్తుంది. పంపినదానికన్నా ఎక్కువ రిటర్న్ రాసినా, అమ్మిన రేటుకన్నా ఎక్కువ రేటు వేసినా ఒప్పుకోదు. ఈ కాపలా చాలా విలువైనది. ఖాళీ డెలివరీ నోట్ తెరిచి ఈజ్ రిటర్న్ టిక్ పెట్టే అడ్డదారిలో పోతే అసలు నోట్‌తో లింకు ఉండదు, ఈ కాపలా పోతుంది. ఆ దారి తొక్కొద్దు.

గోడౌన్ దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. ఏమీ మార్చకపోతే వెనక్కి వచ్చిన సరుకు ఏ గోడౌన్ నుంచి వెళ్లిందో అందులోకే చేరుతుంది. అంటే పగిలిన జార్ ఉన్న మిక్సీ కూడా అమ్మకానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది, దాన్నే మరో కస్టమర్‌కి పంపేస్తారు. అందుకే రిటర్న్స్ గోడౌన్ అని ఒకటి విడిగా తెరిచి, కంపెనీ సెట్టింగుల్లో డిఫాల్ట్ వేర్‌హౌస్ ఫర్ సేల్స్ రిటర్న్ గడిలో దాని పేరు పెట్టాలి. మూడూ అక్కడ దిగుతాయి. పెట్టెలు విప్పి చూశాక బాగున్న రెండింటిని స్టాక్ ఎంట్రీలో మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ద్వారా అసలు గోడౌన్‌కి పంపాలి.

పగిలిన మిక్సీ కూడా ఏ విలువతో బయటికి వెళ్లిందో అదే విలువతో స్టాక్‌లోకి వస్తుంది. అది పగిలిందని సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. స్టాక్ ఎంట్రీలోనే మెటీరియల్ ఇష్యూ (స్టాక్‌లోంచి తీసేయడం) చేసి నష్టం ఖాతాకి రాయకపోతే, ఏడాది చివర చెత్త సరుకుకి కూడా ఆస్తి విలువ చూపిస్తుంది. ఇలా కొట్టేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ని (కొన్నప్పుడు కట్టి, మన పన్నులో తగ్గించుకున్న జీఎస్టీని) కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి.

ఇక డబ్బు. సరుకు డెలివరీ నోట్ మీద వెళ్తే, తిరిగి రావడమూ డెలివరీ నోట్ మీదే. సేల్స్ ఇన్వాయిస్ (అమ్మకం బిల్లు) నుంచి తీసే క్రెడిట్ నోట్‌లో (కస్టమర్‌కి ఆ మేరకు డబ్బు తగ్గించే పత్రంలో) అప్‌డేట్ స్టాక్ టిక్ ఉండకూడదు. కౌంటర్ అమ్మకంలో ఇన్వాయిస్ మీదే స్టాక్ తగ్గించి ఉంటే మాత్రం ఒక్క క్రెడిట్ నోట్‌తో రెండు పనులూ అయిపోతాయి. మన ఉదాహరణలో మూడింటి ధర 7,500, దాని మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా) 675, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 675, మొత్తం 8,850కి క్రెడిట్ నోట్. దాన్ని అసలు ఇన్వాయిస్ తెరిచి తయారుచేయాలి. అప్పుడే రిటర్న్ అగైనెస్ట్ గడిలో ఆ బిల్లు నంబరు పడుతుంది.

నంబరు దగ్గర ఇంకో దెబ్బ ఉంది. క్రెడిట్ నోట్ నంబరు 16 అక్షరాలు దాటకూడదని జీఎస్టీ నిబంధన. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రిటర్న్ సిరీస్ (నంబర్ల వరస) ఏసీసీ-ఎస్ఐఎన్‌వీ-ఆర్ఈటీ-2025-00001 తరహాలో ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, అంకెలు కలిపి లెక్కేస్తే 23. మొదటి రిటర్న్ చేయకముందే డాక్యుమెంట్ నేమింగ్ సెట్టింగ్స్‌లో సీఎన్-25-00001 లాంటి పొట్టి సిరీస్ పెట్టుకోవాలి.

గడువు సంగతి కూడా కౌంటర్ దగ్గర అంటించే ఆ కాగితం మీద రాయాలి. 2024-25లో అమ్మిన సరుకుకి పన్ను తగ్గించుకుంటూ క్రెడిట్ నోట్ చూపించడానికి ఆఖరు తేదీ 2025 నవంబర్ 30. వార్షిక జీఎస్టీ రిటర్న్ అంతకు ముందే దాఖలు చేస్తే ఆ తేదీయే ఆఖరు.

కస్టమరే లాగిన్ అయి రిటర్న్ అడిగే పేజీ గానీ, కొరియర్ పికప్ గానీ ఇందులో సిద్ధంగా దొరకవు. ఆన్‌లైన్‌లో రోజుకి వందల రిటర్న్‌లు వచ్చేవాళ్లకి ఇదొక్కటే సరిపోదు. హోల్‌సేల్ డీలర్లకి, రెండు మూడు కౌంటర్లున్న షాపులకి ధైర్యంగా చెప్పొచ్చు.

నిజంగా లోటు అనిపించేది మాత్రం రిటర్న్ ఎందుకొచ్చిందో రాసే గడి లేకపోవడం. కస్టమైజ్ ఫామ్‌లోకి వెళ్లి డెలివరీ నోట్‌కి సెలెక్ట్ రకం ఫీల్డ్ (జాబితాలోంచి ఎంచుకునే గడి) ఒకటి చేర్చుకోవాలి. దారిలో పగిలింది, తప్పు మోడల్ వెళ్లింది, పని చేయడం లేదు, కస్టమర్ వద్దన్నాడు అని నాలుగు కారణాలు చాలు. ఈజ్ రిటర్న్ టిక్ ఉన్నప్పుడు అది తప్పనిసరి అయ్యేలా పెట్టండి. మూడు నెలలు పోయాక ఆ ఫీల్డ్ మీద రిపోర్టు తీస్తే, మాట్లాడాల్సింది ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతోనా, ప్యాకింగ్ వాళ్లతోనా, సరుకు తయారుచేసిన కంపెనీతోనా అన్నది తేలిపోతుంది.