గండిపేట నీళ్లు, నెమ్మెలి నీళ్లు

ఈ వేసవిలో హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికాం. అసోసియేషన్ మీటింగులో ఒకాయన, "సముద్రం నిండా నీళ్లే కదండీ, ఉప్పు తీసేసి తెచ్చుకోలేమా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చెన్నై దగ్గర ఆ పని చేసే ప్లాంట్లున్నాయి. అక్కడే బంధువుల పెళ్లి తగిలేసరికి, రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని నేనూ మా ఆవిడా చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

మొదటి రాత్రి ఎగ్మూరులో లాడ్జి. గది 1,800. దుప్పట్లు శుభ్రం, ఫ్యాను నిశ్శబ్దం. కానీ కుళాయి నీళ్లు ఉప్పుకశం. ఎంత రుద్దినా సబ్బు నురగ రాలేదు, తల జిడ్డుగానే ఉండిపోయింది. తాగడానికి బాటిల్ కొనుక్కోవాల్సిందే. రెండో రాత్రి చెన్నైకి దక్షిణాన ఉన్న కోవలం దగ్గర 2,600 గది. సముద్రపు గాలి, మెత్తటి నీళ్లు, పొద్దున్నే వేడి వేడి పొంగల్. డబ్బు ఎక్కువైనా నేను మళ్లీ దిగేది ఇక్కడే.

అలాంటి ప్లాంట్లు రెండున్న నెమ్మెలికి మహాబలిపురం బస్సు చాలు, ఆటో అక్కర్లేదు. ప్లాంటు లోపలికి అనుమతి లేకుండా పంపరు, రోడ్డు మీంచే చూశాం. 2013లో మొదలైన మొదటిది రోజుకు 10 కోట్ల లీటర్లు ఇచ్చేలా కట్టారు, 2024లో వచ్చిన రెండోది 15 కోట్ల లీటర్లు. బయటికి గోడలూ షెడ్లే. చూడ్డానికే అయితే అంత దూరం వెళ్లొద్దు.

అసలు సంగతి టీ కొట్టు దగ్గర తెలిసింది. ఇలాంటి ప్లాంట్లలో మెంబ్రేన్లు, అంటే ఉప్పును ఆపి నీళ్లను వదిలే పొరల చుట్టలు, మార్చే పని చేసిన నెల్లూరాయన కలిశాడు. మా తెలుగు విని తనే పలకరించాడు. ఫోనులో, కోసిన పాత మెంబ్రేన్ ఫొటో చూపించాడు. మీటరు పొడవు గొట్టం, లోపల పొర మీద పొర చుట్టి అచ్చం మడత కాజాలా ఉంది. "ఉప్పు తీసేదానికి కాదన్నా, నీళ్లు తోసేదానికే ఖర్చంతా," అన్నాడు. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ నీటిని పొరల గుండా నెట్టాలంటే 55 నుంచి 70 బార్ల ఒత్తిడి కావాలి, అంటే కారు టైరులో గాలికి పాతిక రెట్ల పైమాటే. వంద లీటర్లు తోస్తే చేతికొచ్చేది నలభై చిల్లర, మిగతాది ఇంకా ఉప్పెక్కి సముద్రంలోకే పోతుంది. వెయ్యి లీటర్ల మంచినీళ్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు. యూనిట్ 7 రూపాయలనుకున్నా పాతిక రూపాయలు కరెంటుకే. ఆపైన మెంబ్రేన్లు, మందులు, అప్పు మీద వడ్డీ.

చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లిలో 2010లో తెరిచిన ప్లాంటు కట్టినవాళ్లలో మన హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ ఉంది. అక్కడి అప్పటి ఒప్పందపు ధర వెయ్యి లీటర్లకు 48 రూపాయల 66 పైసలు. లీటరు ఐదు పైసలు కూడా పడదు! మా ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాను 30 రూపాయలు, ఆ లెక్కన వెయ్యి లీటర్లు 1,500. సముద్రపు నీళ్లు ఖరీదని ఇన్నాళ్లూ ఏ లెక్కన అనుకున్నానో!

అయితే చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది. 2019లో చెరువులు ఎండి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్న ఊరది, దానికి ఈ ఖర్చు తప్పదు. మనకు సముద్రం దాదాపు 300 కిలోమీటర్లు. పైగా మనం 540 మీటర్ల ఎత్తున ఉన్నాం. ఆ ఎత్తుకు వెయ్యి లీటర్లు లేపడానికే, పైపుల్లో, పంపుల్లో పోయేది లెక్కేయకుండానే, ఇంకో యూనిటున్నర. నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లనూ 360 మీటర్ల పైకి ఎత్తిపోస్తున్నాం. ఇంటికి నెలకు 20 వేల లీటర్లు మనకు ఉచితం కాబట్టి ఆ కరెంటు మన కంటికి కనబడదు. అదే నీటికి కాట్టుపల్లి ధర కడితే 973 రూపాయలు.

తిరిగొచ్చిన ఆదివారం గండిపేట వెళ్లాం. 1908 మూసీ వరద తర్వాత కట్టించి 1920లో పూర్తి చేసిన చెరువు. ఇక్కడి నీళ్లు పంపు అక్కర్లేకుండా వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేలా కాలువ కట్టారు. చూసిన అన్నిట్లో నాకు నచ్చింది ఇదే. ఒడ్డున మాత్రం విస్తళ్లు, బీరు సీసాలు. నాకు చాలా బాధేసింది. మా ఆవిడ సంచిలో పట్టినన్ని ఏరింది.

వచ్చే మీటింగులో ఈ లెక్కంతా చదువుతాను. మా ఇంకుడు గుంత పూడిపోయి మూడేళ్లయింది, వానలకు ముందే తవ్వించమని అడుగుతాను. ఖర్చులో మా వాటా ముందే ఇచ్చేస్తాను.