కీళ్ల నొప్పుల మూలికా క్యాప్సూల్స్: ఏడాదికి పైగా వాడాక నా అభిప్రాయం

ముందు బాగున్న సంగతి చెబుతాను. ఇవి నొప్పిని తగ్గిస్తాయి. మింగిన గంటలోపే మోకాళ్లు తేలికయ్యేవి. పొద్దున్నే బిగుసుకుపోవడం తగ్గింది, కూర్చున్న చోటి నుంచి పట్టు లేకుండా లేవగలిగాను. అప్పుడప్పుడు కడుపులో మంట తప్ప ఏ ఇబ్బందీ కనిపించలేదు. నొప్పి ఒక్కటే చూసి మార్కులు వేయమంటే ఐదుకు నాలుగు ఇస్తాను. అయినా ఇవి నా కిడ్నీలను దెబ్బతీశాయి కాబట్టి, వీటిని ఎవరూ కొనకూడదనే ఈ సమీక్ష రాస్తున్నాను.

డబ్బా మీద 'నూరు శాతం సహజం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు' అని ఉంటుంది. మూలికల పేర్లు వరసగా ఇచ్చారు, ఏది ఎన్ని మిల్లీగ్రాములో ఇవ్వలేదు. చివర 'ఇతర మూలికలు' అని ఒక మాట. ఇంత ఘాటుగా పనిచేసే సరుకుకు ఈ వివరాలు చాలవు.

నేను బీపీకి లోసార్టన్ వాడుతున్నాను. అందుకని ఇవి మొదలుపెట్టేముందే రక్తపరీక్ష చేయించాను. క్రియాటినిన్ 0.9 వచ్చింది. అది కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం, కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరుగుతుంది. తర్వాత కొన్ని నెలలకోసారి చేయిస్తూ వచ్చాను. 1.0 వచ్చినప్పుడు అది ల్యాబ్ తేడా కావచ్చు. 1.2 వచ్చినప్పుడు కూడా కాగితం మీద నార్మల్ అనే ఉంది. ఆ తర్వాతి పరీక్షలో 1.6. అప్పటికి కూడా కాళ్ల వాపు లేదు, మూత్రంలో తేడా లేదు, ఆకలి బాగానే ఉంది. ఒంట్లో ఏమీ తెలియకుండానే అంతవరకూ వెళ్లింది.

దీనికి కారణం కిడ్నీల తీరులోనే ఉంది. వాటికి అవసరానికి మించిన సామర్థ్యం ఉంటుంది కాబట్టి, దాదాపు సగం పని తగ్గేదాకా చాలామందిలో క్రియాటినిన్ నార్మల్ హద్దులోనే కనిపిస్తుంది. కండ ఎక్కువున్న మనిషికి 1.2 మామూలే. మొదట 0.9 ఉన్న మనిషికి మామూలు కాదు. మందు మొదలుపెట్టకముందు తీయించిన రిపోర్ట్ పక్కన పెట్టుకుంటేనే ఆ తేడా తెలుస్తుంది. ఎక్కువ కాలం ఏ మూలికా మందు వాడాలనుకున్నా, ఆ మొదటి రిపోర్ట్ చాలా ముఖ్యమని నా గట్టి నమ్మకం. దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. కొన్ని రకాల కిడ్నీ జబ్బులు క్రియాటినిన్ కంటే ముందు అక్కడే బయటపడతాయి.

కిడ్నీ డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్న, "నేను రాసినవి కాక ఇంకేం వాడుతున్నారండీ? పొడి, కషాయం, లేహ్యం, ఏదైనా సరే చెప్పండి." డబ్బా తీసి చూపించాను. గంటలో నొప్పి తగ్గుతోందనగానే ఆయనకు అనుమానం వచ్చింది. క్యాప్సూల్స్‌ను పరీక్షకు పంపితే అందులో డైక్లోఫెనాక్ తేలింది. అది మెడికల్ షాపులో దొరికే మామూలు నొప్పి మాత్రలోని మందే. డబ్బా మీద ఆ పేరు ఎక్కడా లేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. పేరు రాసి ఉంటే, లోసార్టన్‌తో కలిపి రోజూ వాడొద్దని ఏ ఫార్మసిస్టయినా చెప్పేవారు.

కలిపితే ఏమవుతుందో ఆయన వివరంగా చెప్పారు. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని నాళాల ఉండలు ఉంటాయి. డైక్లోఫెనాక్ లాంటివి ఆ ఉండలోకి రక్తం తెచ్చే నాళాన్ని ఇరుకు చేస్తాయి. లోసార్టన్ బయటికి తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తుంది. వచ్చే రక్తం తగ్గి, పోయే దారి సులువైతే వడపోతకు కావలసిన ఒత్తిడి ఉండదు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర కూడా వాడుతుంటే, లేదా వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే, ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

కల్తీ లేకపోతే భయం లేదా? అదీ కాదు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన క్యాప్సూల్స్‌లో ఒక చైనా మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క చేరింది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి దాకా వెళ్లింది. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అక్కడ కిడ్నీలకు హాని చేసింది మొక్కలోనే సహజంగా ఉన్న అరిస్టోలోకిక్ ఆమ్లం. ఈశ్వరి తీగ కూడా ఆ జాతిదే. ఇక అతిమధురం మోతాదు మించి ఎక్కువ రోజులు తీసుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. పాదరసం, సీసం ఉన్న మందుల సంగతి వేరే చెప్పాలా! పాదరసం వల్ల మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయే జబ్బు రావచ్చు.

క్యాప్సూల్స్ ఆపాక నా క్రియాటినిన్ మెల్లగా 1.1కి దిగింది. ఇలాంటి నొప్పి మందుల వల్ల కిడ్నీ పని తగ్గినా, వాటిని త్వరగా ఆపితే చాలావరకు కోలుకుంటుందట. అరిస్టోలోకియా దెబ్బ అలా కాదు, ఆపినా లోపల మచ్చ కట్టడం సాగుతూనే ఉండొచ్చు.

మోకాళ్ల నొప్పి మళ్లీ వచ్చింది, అది నిజం. తొడ కండరాలకు ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలు చేస్తున్నాను. నొప్పి మరీ ఎక్కువైన రోజు డాక్టర్ ఒప్పుకున్న పైపూత జెల్ రాస్తున్నాను. గంటలో తగ్గదు కానీ నడవగలుగుతున్నాను. మిగిలిన క్యాప్సూల్స్‌ను డబ్బాతో సహా, ల్యాబ్ రిపోర్ట్ జతచేసి మందుల నియంత్రణ అధికారులకు పంపాను. మీ దగ్గర ఇలాంటి డబ్బా ఉంటే పారేయకండి. బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటో తీసి, డబ్బాను అలాగే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.