చెక్క ‘తేనెటీగల హోటల్’: చూడ్డానికి ముద్దు, లోపల లోతు లేదు

గుంపు కట్టని ఒంటరి తేనెటీగలు గుడ్లు పెట్టుకోడానికి వెదురు గొట్టాలు పేర్చిన చెక్క పెట్టె ఇది. గొట్టాల లోతు 7 సెంటీమీటర్లే, అసలు తంటా ఇదే. ఈ తేనెటీగలు ఆడ గుడ్లను లోపలి కొసన, మగ గుడ్లను ముందువైపు పెడతాయి. లోతు చాలకపోతే మగవే ఎక్కువవుతాయి. లోతు కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి. రంధ్రాల వెడల్పు 4 నుంచి 10 మిల్లీమీటర్లు, బాగుంది. వెదురు అంచుల పేళ్లు రెక్కల్ని చీలుస్తాయి, గరుకు కాగితంతో రుద్దాలి. గొట్టాలను జిగురుతో అతికించేశారు, మార్చలేం. ఏటా మార్చకపోతే పుప్పొడి తినే నల్లులు, బూజు పేరుకుంటాయి. పైన కుక్కిన పైన్ కాయలు వట్టి అలంకారం! కొనేసినవాళ్లు ఉదయపు ఎండ తగిలేచోట, మీటరు ఎత్తున, ఊగకుండా గోడకు బిగించండి. పక్కనే పురుగుమందు కొడుతుంటే మాత్రం ఏ పెట్టే ఆదుకోదు. రెండు నక్షత్రాలు, అవీ రంధ్రాల కొలతకే.