ముఖం లేని స్వీయచిత్రం: క్రితాతో నెల రోజులు

అమరావతి శిల్పులు తొలినాళ్లలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాక పాదముద్రలుగా, ఖాళీ సింహాసనంగా, ధర్మచక్రంగా చెక్కారు. అదే పద్ధతిలో, ముఖం చూపకుండా నన్ను నేను చిత్రించుకోవాలన్న కోరికతో, ఉచితంగా దొరికే క్రితా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌ను నెల రోజులు వాడాను.

సింహాసనానికి బదులు నా కంప్యూటర్ కుర్చీని ఖాళీగా గీసి, దాని మీద కళ్లజోడునూ, నాన్నగారి మగ్గం నాడెనూ ఉంచాను. చుట్టూ అమరావతి ఫలకాల్లో కనిపించే పద్మవలయం కావాలి. ఇక్కడే క్రితాలోని మల్టీబ్రష్ నన్ను కట్టిపడేసింది: కుంచెల సంఖ్యను 16గా పెట్టి ఒక్క రేకు గీస్తే, కేంద్రం చుట్టూ మిగిలిన 15 రేకులూ నా చేతితోపాటే విచ్చుకున్నాయి. చేయి వణికితే ఆ వణుకు కూడా పదహారు చోట్ల కనిపిస్తుందనుకోండి, అది వేరే సంగతి.

అమరావతి శిల్పాల సున్నపురాయి మీది ఉబ్బెత్తు కోసం, గీసిన పొరకు (లేయర్‌కు) ఉబ్బు, నీడ లాంటివి తెచ్చే లేయర్ స్టైల్ ఉంది. నేనే మొదట అతిగా వాడి, బొమ్మను పెళ్లి శుభలేఖలా చేసుకున్నాను. చివరికి దాన్ని తగ్గించి, నీడలను విడి పొర మీద చేత్తోనే వేశాక రాతి గరుకుదనం వచ్చింది.

విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఇది పనిచేస్తుంది. మౌస్‌తో నెట్టుకురావచ్చు గానీ, గీత మందం మారాలంటే ఒత్తిడిని గుర్తించే పెన్ ట్యాబ్లెట్ కొనుక్కోవడమే మేలు.