మావయ్యగారి కాంటెస్సాని కడగకుండానే అమ్మిపెట్టిన గ్యారేజీ

ఒడిశాలోని బరంపురంలో అస్కా రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఒక పాత కార్ల గ్యారేజీ ఉంది. బోర్డు లేదు గానీ, అంబాసిడర్లు, పద్మినీలు వరసగా నిలబెట్టి ఉంటాయి కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ రిపేర్లు చేస్తారని ఊళ్ళో చాలామందికి తెలుసు. ఏళ్ళ తరబడి మూలపడ్డ బండిని ఉన్నది ఉన్నట్టుగా, బాగుచేసుకునే ఓపికున్న వాళ్ళకి కమీషన్ మీద అమ్మిపెడతారని మాత్రం తెలియదు. మా మావయ్యగారి కాంటెస్సా వాళ్ళ ద్వారానే అమ్మాం. ఇలాంటి కారు ఇంట్లో పెట్టుకుని ఏం చేయాలో తోచని వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది 1994 మోడల్ కాంటెస్సా క్లాసిక్, ఇసుజు 1.8 పెట్రోలు, ఓఆర్-07 నంబరు. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు బ్రిటన్ కంపెనీ వాక్స్‌హాల్ వీఎక్స్ నమూనా తెచ్చి 1984 నుంచి 2002 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారుచేసిన కారిది. మొదట్లో దీనికి అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే బిగించారు, అంత బరువుకి అది చాలలేదు. ఇసుజు ఇంజను, ఐదు గేర్లు వచ్చాకే దీని దర్జాకి తగ్గ పరుగొచ్చింది. పొడవాటి బానెట్ చూసి ఇప్పటి కుర్రాళ్ళు ఇండియన్ మజిల్ కార్ అంటున్నారు. మజిల్ కార్లంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే అమెరికా కార్లు; వాటిలో పేరుపడ్డ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను దీంట్లో లేదు, ఉన్నవి నాలుగు సిలిండర్లే. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ గ్యారేజీ ఆయనే ఈ మాట ముందు చెప్పేవారు.

మావయ్యగారు బియ్యం వ్యాపారం మీద ఇచ్ఛాపురం, పర్లాకిమిడి ఈ కారులోనే తిరిగేవారు. 2012లో ఆయన పోయాక కారు షెడ్డులోనే ఉండిపోయింది. మరుసటేడు అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి షెడ్డు రేకులు లేచిపోయాయి. అప్పట్నుంచీ టార్పాలిన్ కిందే ఉంది.

అమ్ముదామనుకున్నాక పాత ఇనుము కొనేవాళ్ళు కాటా లెక్కన ధర చెప్పారు. ఊళ్ళోనే ఇంకొక షాపువాళ్ళు, ముందు ఫుల్ పెయింటు వేయించండి, అప్పుడు మంచి రేటొస్తుందన్నారు. ఈ గ్యారేజీ ఆయన మా ఇంటికొచ్చి చెప్పిన మొదటి మాట, "అమ్మా, నీళ్ళు కూడా కొట్టకండి." కారుని ఉన్నది ఉన్నట్టుగానే చూపించాలన్నది ఆయన పద్ధతి.

మావారు కొత్త బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామన్నారు. గ్యారేజీ ఆయన వద్దన్నారు. ఇన్నేళ్ళు కదలని ఇంజనులో పిస్టన్ రింగులు తుప్పుకి సిలిండర్ గోడల్ని పట్టేసి ఉండొచ్చు, బలవంతంగా తిప్పితే గీతలు పడతాయి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, అది కార్బురేటర్‌లోకి పోతే అదొక పని. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఆ రంధ్రాల్లో కాస్త కాస్త ఇంజనాయిల్ పోసి, నాననిచ్చారు. తర్వాత మళ్ళీ వచ్చి ముందువైపు పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పారు. మొదట బిగుసుకుంది. అటొక పిసరు, ఇటొక పిసరు కదుపుతూ ఉండగా చివరికి పూర్తి చుట్టు తిరిగింది. మా అబ్బాయి చేత ఫోనులో వీడియో తీయించారు. కొనేవాళ్ళకి చూపించింది ఆ వీడియోనే.

బాడీని ఆయన చూసిన తీరు నాకు బాగా నచ్చింది. మెత్తటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి, తలుపుల అడుగున, చక్రాల పైన ఉన్న వంపుల మీద మెల్లగా జరుపుకుంటూ పోయారు. రేకున్న చోట టక్కున పట్టుకుంటోంది. ఎడమవైపు వెనక చక్రం పైన మాత్రం జారిపోయింది. అంటే పెయింటు కింద పుట్టీ ఉందన్నమాట. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకున్నారు. తర్వాత చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశారు. ఇంజను నంబరు కూడా ఆర్సీతో సరిచూశారు. చాలా కాంటెస్సాలకి పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను బిగించుకున్నారట, నంబర్లు కలవని బండి పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకి వెళితే అక్కడే ఆగిపోతుంది.

ఆయన రాసిచ్చిన రిపోర్టులో దాపరికం లేదు. ఇంజను చేత్తో తిరుగుతోంది, స్టార్ట్ చేయలేదు. బ్రేకులు నాలుగూ పట్టేశాయి. డ్రైవరు కాళ్ళ కింద మ్యాటు ఎత్తితే రేకు పోయి అరచెయ్యి దూరేంత కంత ఉంది. స్టెప్నీ గుంట చిల్లులు పడింది. వైరింగ్ ఎలకలు కొరికాయి. అన్నీ రాసి చివర్లో, అద్దాలు, వెనక లైట్లు, క్రోమ్ బంపర్లు, డాష్‌బోర్డు ఒరిజినల్, పగుళ్ళు లేవు అని రాశారు. బండికి ధర తెచ్చేది ఆ చివరి వాక్యమే అన్నారు. ఈ ఇంజను అంబాసిడర్ 1800లో కూడా వచ్చింది కాబట్టి దాని సామాను ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కాంటెస్సా అద్దాలు, లైట్లు, బీడింగులు అలా దొరకవు. అందుకే ఇల్లంతా వెతకమన్నారు. అటక మీద ఒక వీల్ కప్పు, జాకీ, కారుతో వచ్చిన పుస్తకం దొరికాయి. అవీ రిపోర్టులో చేర్చారు.

కాగితాల విషయంలో కూడా జాగ్రత్తగానే ఉన్నారు. మావయ్యగారు పోయినప్పుడే మావారు ఫారం 31 పెట్టి తన పేరు మీదకి మార్పించుకున్నారు కాబట్టి ఆ చిక్కు లేదు. ఆర్సీ గడువు మాత్రం దాటిపోయింది. బండి నడిచే స్థితికొచ్చి తనిఖీ అయితేనే రెన్యువల్. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవై ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజే 10,000 రూపాయలైంది. అంతదాకా పేరు మారదు. బండి వల్ల ప్రమాదం జరిగితే, రికార్డుల్లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, అమ్మేవాళ్ళకి భయం అక్కడే. ఆయన చూపిన దారి ఏమిటంటే, కారు రోడ్డెక్కకుండా లారీ మీదే వెళ్ళాలి, పేరు మారేదాకా కొన్నవాళ్ళ డబ్బు 25,000 గ్యారేజీలో డిపాజిట్‌గా ఉండాలి, ఇవన్నీ స్టాంపు పేపరు మీద రాసుకోవాలి. బండి పేరు మార్పిడికి పెట్టే 28, 29, 30 ఫారాలు ఏది ఎందుకో మాకు తెలుగులోనే చెప్పి, అప్పుడు సంతకాలు పెట్టించారు.

కొన్నది విశాఖపట్నం కుర్రాడు, వెల్డింగ్ పని తెలిసినవాడు. టార్చి పట్టుకుని కారు కిందికి దూరి చాలాసేపు చూశాడు. లేచొచ్చి, "ఆంటీ, రాసినదానికంటే కొత్తగా ఏమీ కనపడలేదు" అన్నాడు. పెద్దగా బేరమాడకుండా 1,85,000కి తీసుకున్నాడు. మావారు ఇంకా వస్తుందనుకున్నారు. నాకైతే ఇది న్యాయమైన ధరే. నెట్‌లో కనపడే పెద్ద ధరలు పూర్తిగా బాగుచేసిన బళ్ళవి, ఆ పనికయ్యే ఖర్చు ఇప్పుడు ఆ అబ్బాయిదే.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఆయన ఫోను ఎత్తడం అరుదు, మనిషే వెళ్ళాలి. తీసిన ఫోటోలు మాకు పంపడానికి చాలాసార్లు అడగాల్సొచ్చింది. కమీషన్ 8 శాతం, ఇంటి నుంచి బండి తరలించే ఖర్చు వేరే. మూడు నెలలు దాటితే స్థలం అద్దె పడుతుందని మొదట చెప్పలేదు, మాకు ఆ అవసరం రాలేదు గానీ మీరు ముందే అడగండి. తొందరగా డబ్బు కావాలనుకునే వాళ్ళకి ఈ చోటు కుదరదు, నెమ్మదిగా సాగే పని.

వెళ్ళేటప్పుడు ఆర్సీ, పాత ఇన్సూరెన్సు, తాళాలన్నీ పట్టుకెళ్ళండి. బండి పోయినవాళ్ళ పేరు మీదే ఉంటే ముందు వారసుల పేరుకి మార్పించుకు రమ్మంటారు, అది కానిదే కారు తీసుకోరు. సాయంత్రం నాలుగు దాటాక వెళితే ఆయన తీరిగ్గా మాట్లాడతారు.