స్విచ్ 2 తెప్పించుకోవాలా, స్టీమ్ డెక్ మేలా?

సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్న అక్కాబావలను, చేతిలో పట్టుకునీ టీవీకి కలిపీ ఆడుకునే గేమ్ పరికరం నింటెండో స్విచ్ 2ను తెమ్మందామా అని మా ఇంట్లో మొదలైన చర్చే ఈ పోలికకు మూలం. 2025 జూన్ 5న విడుదలైన ఆ పరికరానికి అక్కడ మొదట పెట్టిన ధర 449.99 డాలర్లు. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మకాలు జరపదు కనుక, హైదరాబాదులో ఉన్నవారికైనా విజయవాడలో ఉన్నవారికైనా బంధువుల సూట్‌కేసో, దిగుమతి సరుకు అమ్మే దుకాణమో దిక్కు. దానికి పోటీగా చెప్పుకునే వాల్వ్ వారి స్టీమ్ డెక్ ఓలెడ్ 2023 నవంబరులో 549 డాలర్లకు వచ్చింది, అదీ ఇక్కడికి చేరవలసింది ఈ దారినే. ఇంట్లో ఉన్న పాత స్విచ్‌తోనే మరికొన్నాళ్లు సరిపెట్టుకోవడం మూడో మార్గం.

స్టీమ్ డెక్‌ను నేను ఏడాదికి పైగా వాడుతున్నాను. స్విచ్ 2ను కూకట్‌పల్లిలోని పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో వారం రోజులు పిల్లలతో కలిసి ఆడి చూశాను. చేతికి తీసుకోగానే తేడా తెలుస్తుంది. కంట్రోలర్లు బిగించిన స్విచ్ 2 బరువు 534 గ్రాములు, డెక్ బరువు దాదాపు 640 గ్రాములు. ఆ వంద గ్రాములూ పది నిమిషాలకు లెక్కలోకి రావు గాని, పడుకుని గంటసేపు ఆడినవారి మణికట్టుకు బాగా తెలుస్తాయి. తెర విషయంలో స్విచ్ 2ది 7.9 అంగుళాల 1080పీ ఎల్‌సీడీ, డెక్‌ది 7.4 అంగుళాల 800పీ ఓలెడ్. అక్షరాలు స్విచ్ 2లో స్ఫుటంగా కనిపిస్తాయి, కాని దీపం ఆర్పిన గదిలో ఓలెడ్ చూపే నలుపు ముందు ఎల్‌సీడీ నలుపు వెలసినట్టే ఉంటుంది. బ్యాటరీ స్విచ్ 2లో 2 నుంచి 6.5 గంటలు, డెక్‌లో 3 నుంచి 12 గంటలు వస్తుందని తయారీదారులే చెబుతున్నారు. భారీ గేమ్ ఆడితే రెండూ తక్కువ అంకె వైపే మొగ్గుతాయి కనుక, రాత్రి రైలెక్కేవారు ఏది కొన్నా పవర్ బ్యాంక్ వెంట ఉంచుకోవాలి.

ధరలను పక్కపక్కన పెట్టేటప్పుడు పెట్టెలో ఏమేమి వస్తాయో చూడాలి. స్విచ్ 2తో పాటు టీవీకి కలిపే డాక్, హెచ్‌డీఎంఐ తీగ, రెండు జాయ్‌కాన్‌లు వస్తాయి. ఆ జాయ్‌కాన్‌లు అయస్కాంతంతో అతుక్కుంటాయి. వెనుక మీట నొక్కి లాగితే టక్కున ఊడివస్తాయి, పక్కకు తిప్పి పట్టుకుంటే ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి కంట్రోలర్ అవుతుంది. పెదనాన్నగారి అబ్బాయి పిల్లలిద్దరూ మంచం మీద బాసింపట్టు వేసుకుని, చెరో ముక్క పట్టుకుని, స్టాండు మీద నిలబెట్టిన తెర ముందు మారియో కార్ట్ వరల్డ్ అనే పందెం గేమ్ ఆడుతుంటే, అంతసేపూ వారిమధ్య వంతుల గొడవ రాలేదు. డెక్‌తో ఇదే ఏర్పాటు కావాలంటే డాక్, రెండో కంట్రోలర్ విడిగా కొనుక్కోవాలి.

అసలు ఖర్చు మాత్రం గేముల దగ్గర మొదలవుతుంది. పాడి గేదెను కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు. మారియో కార్ట్ వరల్డ్ ధర 79.99 డాలర్లు, అంటే దాదాపు 7,000 రూపాయలు, డాంకీ కాంగ్ బనాంజా 69.99 డాలర్లు. నింటెండో తన సొంత గేముల ధరలను ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గించదు. పైగా నింటెండో ఆన్‌లైన్ దుకాణానికి భారత్ అనే ప్రాంతమే లేదు, గేములు చాలావాటిని ఇతరులతో ఇంటర్నెట్‌లో ఆడాలంటే ఏడాదికి 19.99 డాలర్ల చందా కట్టాలి. డెక్ గేములు దొరికే వాల్వ్ వారి ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ అలా కాదు. 2015 నుంచే రూపాయల్లో ధరలు చూపుతోంది, వేసవి, శీతాకాలపు అమ్మకాల్లో పాత గేములు సగానికీ అంతకన్నా తక్కువకూ వస్తాయి, ఆన్‌లైన్ ఆటకు చందా లేదు, ఒకే ఇంట్లోని ఆరుగురు తమ గేములను పంచుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ మీద ఇంతకుముందు స్టీమ్‌లో కొన్నవి చాలావరకు డెక్‌లోకి వచ్చేస్తాయి కూడా. పది గేములు కొనేసరికి పరికరాల మొదటి ధరల మధ్య ఉన్న వంద డాలర్ల తేడా తలకిందులవుతుందన్నది నా గట్టి నమ్మకం.

అలాగని డెక్ అన్నీ ఆడించదు. అది విండోస్ మీద కాక లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పరికరం కావడం వల్ల ఫోర్ట్‌నైట్, వాలొరాంట్ వంటి ఆన్‌లైన్ గేములు నేరుగా నడవవు. నింటెండో సొంత గేములైన మారియో, జెల్డా కావాలంటే ఆ గడప తొక్కక తప్పదు. పిల్లలు అడిగేది ఆ బొమ్మలనే అయితే మిగతా లెక్కలన్నీ వృథా.

స్విచ్ 2లో నన్ను నిజంగా బాధించినది గేమ్ కీ కార్డుల పద్ధతి. చూడటానికి పరికరంలో దూర్చే మామూలు గేమ్ కార్ట్రిడ్జే, లోపల మాత్రం గేమ్ ఉండదు, తాళం మాత్రమే ఉంటుంది, గేమంతా ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. నెట్ సరిగా అందని ఊళ్లో ఉన్న పిల్లవాడికి ఇటువంటి కార్డు కానుకగా ఇస్తే ఆ రోజు అది పనికిరాకపోవచ్చు. లోపలి స్థలం 256 జీబీయే, పెంచుకోవడానికి పాత మైక్రో ఎస్‌డీ కార్డు చెల్లదు, ఖరీదైన మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. డెక్‌కు మామూలు కార్డు చాలు. ఇక మరమ్మతుల మాటకొస్తే రెండింటికీ ఇక్కడ అధికారిక సర్వీస్ సెంటర్ లేదు.

పాత స్విచ్ ఉన్నవారు తొందరపడనక్కరలేదు. దాని కార్ట్రిడ్జులు చాలావరకు స్విచ్ 2లో ఆడతాయి కనుక ఇప్పుడు కొన్నవి రేపు వృథా కావు. కొత్త పరికరానికి మాత్రమే వచ్చిన గేముల్లో కనీసం మూడు మీ ఇంట్లో కోరుకునేదాకా ఆగవచ్చు. ఏ పరికరమూ లేకుండా, ఒంటరిగా, రాత్రి పని ముగించుకుని ఆడే పెద్దవారికి నేను డెక్‌నే చెబుతాను. ఇద్దరు ముగ్గురు పిల్లలు, హాల్లో టీవీ, సెలవులకు వచ్చే చుట్టాలు ఉన్న ఇంటికైతే గేముల ధర తెలిసి కూడా స్విచ్ 2 వైపే మొగ్గుతాను.

మా ఇల్లు ఆ రెండో రకం. అందుకే అక్కకు ఫోన్ చేసి, మారియో కార్ట్‌తో కలిపి 2025లో 499.99 డాలర్లకు అమ్మిన పెట్టెను, దానితో పాటు ఒక ఎక్స్‌ప్రెస్ కార్డును తెమ్మన్నాము.