మన మిత్ర వాట్సాపా, సచివాలయమా?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పనికి ఇప్పుడు ముఖ్యంగా రెండు దార్లు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు ఒకటి. 2025 జనవరి 30న 161 సేవలతో వచ్చిన ‘మన మిత్ర’ వాట్సాప్ ఇంకొకటి.

ఖర్చు: ఫోన్లో అయితే ఆటో ఛార్జీ, ఒక పూట కూలి మిగులుతాయి. సచివాలయానికి వెళితే రెండూ పోవచ్చు.

శ్రమ: 95523 00009కి ‘హాయ్’ అని పెట్టి, కరెంటు బిల్లు రాత్రి పదింటికైనా కట్టేయొచ్చు. సచివాలయానికి ఆఫీసు వేళలు చూసుకోవాలి, కానీ టైప్ చేసే టెన్షన్ ఉండదు.

రిస్కు: వేరే నంబర్ల నుంచి లింకులొస్తే నొక్కకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. సచివాలయంలో రసీదు అడిగి మరీ తీసుకోండి.

పేరు తేడాలుంటే మాత్రం కథ వేరు. మా పెద్దమ్మ ఆధార్‌లో ‘వెంకటలక్ష్మి’, రేషన్ కార్డులో ‘లక్ష్మమ్మ’. ఫోన్లో ఎంత తిప్పలు పడ్డా పని కదల్లేదు. రెండు కార్డులూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లి, ఉద్యోగి ఎదురుగా కూర్చుంటేనే తేలింది. ఇలాంటి వాళ్లకోసమైనా ఆ కుర్చీ, ఆ మనిషి ఉండి తీరాలి.

బిల్లులు, ఆర్టీసీ టికెట్లు, గుడి దర్శనం టికెట్లకు వాట్సాప్ చాలు. పేరు తప్పులకు, వేలిముద్ర పనులకు, ఫోన్ అలవాటు లేని పెద్దవాళ్లకు సచివాలయమే మేలు.